కుళాయికి రంగొచ్చింది

"ఇకమీదట ఉద్దానంలో కుళాయికి నీళ్ళు వచ్చాయా, రాలేదా అన్న అనుమానమే ఉండదు!"

మంత్రి జగదీశ్వరరావు గారు పలాస సభలో ఈ మాట ప్రకటించగానే, ముందు వరసలో ఉన్న త్రినాథరావు కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు. నీళ్ళు వస్తాయని మంత్రిగారు అనలేదు. అనుమానం ఉండదని మాత్రమే అన్నారు. అంత తేడా చూసుకుని చప్పట్లు కొట్టేవాడు ఏ పార్టీకైనా భారమే.

త్రినాథరావుది సోంపేట దాటాక సముద్రం వైపు ఉండే గున్నపుట్టుగ. కాసిని కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట, బోలెడంత అభిమానం అతని ఆస్తి. మంత్రిగారి ఫ్లెక్సీ చిరిగితే తన చొక్కా చిరిగినట్టు బాధపడతాడు. అలాంటి మనిషి ఇంట్లో ఒక చిక్కు వచ్చి పడింది. భార్య దాలమ్మకి కాళ్ళు వాచాయి. రక్తపరీక్ష చూసిన డాక్టరు, "బోరు నీళ్ళు మానెయ్యమ్మా. మంచినీళ్ళే తాగు. ఇప్పుడు జాగ్రత్తపడితే మించిపోయిందేం లేదు" అన్నాడు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి త్రినాథరావు ప్రాణం పెరట్లోని కుళాయి మీదే ఉంది. రెండు వేసవుల కిందట మంత్రిగారే స్వయంగా కొబ్బరికాయ కొట్టి బిగించిన కుళాయి అది. ప్రస్తుతం దాలమ్మ దానికి మేకపిల్లను కడుతోంది.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు," మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "పాపం, ఆ దేవుడికి ఎన్ని పనులు! అందుకే నిజం కనిపెట్టే బాధ్యత మా ప్రభుత్వం సైన్సుకి అప్పగించింది. అన్‌హైడ్రస్ కోబాల్ట్ క్లోరైడ్! ల్యాబొరేటరీ గ్రేడ్!"

ఎక్కడా తడబడకుండా అన్నారు. టెక్కలి నుంచి పలాస దాకా కారులో అదే జపం చేశారని డ్రైవరు తర్వాత చెప్పాడు. సభ ఈలలతో దద్దరిల్లింది.

వివరించే పని ఏఈ నిరంజన్‌ది. నీటి సరఫరా విభాగంలో అతనంత చురుకైన ఇంజనీరు లేడని పేరు. కొత్త బూట్లు కొన్నప్పుడు అట్టపెట్టెలో దొరికిన, తడికి రంగు మారే చిన్న గుళికల పొట్లం చూసి ఈ ఐడియా కనిపెట్టాడు. పైపులో నీళ్ళు ఎలా పారించాలా అని అంతకుముందు చాలాకాలం ఆలోచించాడట. ఐడియా మాత్రం బూట్ల పెట్టెలోనే దొరికింది.

"ఇదొక లోహపు క్లోరైడ్ అండి," నిరంజన్ గాజుసీసా పైకెత్తి చూపించాడు. "ఒంట్లో చుక్క నీరు లేనప్పుడు నీలంగా ఉంటుంది. తడి సోకితే పింకు రంగులోకి మారుతుంది. దీన్ని కాగితానికి పట్టించి స్ట్రిప్పులు చేశాం. ప్రతి కుళాయికీ ఒకటి అతికిస్తాం. పింకు అయిందా, నీళ్ళొచ్చినట్టు. లంచం తీసుకోదు, అబద్ధమాడదు. తెలుగులో దీన్ని నిర్జల కోబాల్ట్ క్లోరైడ్ అంటారు."

"నిర్జలం!" మంత్రిగారు మైకు లాక్కున్నారు. "మన పల్లెలూ నిర్జలమే, ఈ మందూ నిర్జలమే. ముల్లును ముల్లుతోనే తియ్యాలి తమ్ముళ్ళూ!"

తన మంచినీళ్ళ సీసాలోంచి ఒక్క చుక్క తీసి నీలం స్ట్రిప్పు మీద వేశారు. అది సిగ్గుపడిన పెళ్ళికూతురిలా పింకుగా మారింది. ఈ స్ట్రిప్పుల పథకానికి జలముద్ర అని పేరు. దాని కింద ఉద్దానానికి విడుదలైన మొదటి చుక్క అదే. మిగతా సీసా మంత్రిగారు తాగేశారు.

నిరంజన్ చూపించిన గాజుసీసా మీద అసలు లేబుల్ ఒకటి ఉండేది. "మూత బిగించి పొడి ప్రదేశంలో ఉంచవలెను, గాలిలోని తేమను సైతం పీల్చుకొనును" అని ఇంగ్లీషులో రాసి ఉండేది. సరిగ్గా దాని మీదే మంత్రిగారి ఫోటో అంటించారు. ఫోటో చాలా బాగా వచ్చింది.

*

మర్నాడు గున్నపుట్టుగలో స్ట్రిప్పులు అతికించే గౌరవం త్రినాథరావుకి దక్కింది. బారువ వైపు నుంచి సముద్రపు గాలి జిగటగా వీస్తోంది. ఎండేసిన లుంగీ మూడోనాటికి కూడా ఆరని కాలం. అతను చొక్కా జేబులో స్ట్రిప్పుల కట్ట పెట్టుకుని వీధి మొదట్లో మొదలుపెట్టాడు. వీధి చివరికి చేరేసరికి వెనకనుంచి కేకలు వినిపించాయి.

"ఓలమ్మో, రంగొచ్చీసింది! నీల్లొచ్చీసినాయి!"

ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని పరుగో పరుగు. ప్రతి కుళాయి మీదా స్ట్రిప్పు పింకుగా మెరుస్తోంది. కుళాయిలు తిప్పారు. లోపల్నుంచి ఒక సాలెపురుగు బయటికి వచ్చి, ఇంత జనాన్ని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"నీల్లేవి మావా?" దాలమ్మ అడిగింది.

త్రినాథరావు స్ట్రిప్పు వంక చూశాడు. కుళాయి వంక చూశాడు. మనిషి మాట అబద్ధం కావచ్చు గానీ ల్యాబొరేటరీ గ్రేడు అబద్ధమాడదు కదా!

"వొచ్చి ఎల్లిపోయుంటాయే. మనం బేగి రాలేదు."

"వొచ్చినట్టు నేల మీద తడేదీ?"

"నేల పీల్సీసుంటాది. ఎన్నాల్లనుంచో ఎండిపోయిన నేల గదేటి!"

ఇంతలో నిరంజన్ ఫోనులో యాప్ తెరిచి ఇంటింటికీ ఫోటోలు తీస్తూ వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. త్రినాథరావు జేబులో మిగిలిన స్ట్రిప్పులు తీసి చూస్తే, చెమటకి అవి కూడా పింకు అయిపోయాయి.

"అతికించకముందే నీళ్ళు వచ్చేశాయి త్రినాథరావు గారూ! పథకాన్ని మించిపోయిన పథకం ఇది!" అని నిరంజన్ మెచ్చుకుని, పనిలో పనిగా జేబును కూడా ఒక కనెక్షనుగా అప్‌లోడ్ చేశాడు.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. వీధి చివర నూకరత్నం ఇంట్లో స్ట్రిప్పు మాత్రం నెమలికంఠంలా నీలంగా ఉండిపోయింది.

నూకరత్నానికి చిన్న జీడిపప్పు పని ఉంది. పిక్కలు కొట్టి తీసిన పప్పును పొట్టు ఊడేదాకా వేడిగాలికి ఆరబెట్టే ఇనుప గదిని అక్కడ బోర్మా అంటారు. కాంట్రాక్టరు కుళాయిలు బిగించిన రోజున ఆమె ఇంట్లో గట్టిగా ఉన్న గోడ బోర్మా షెడ్డుదొక్కటే. దాంతో కుళాయి షెడ్డు లోపల, బోర్మా పక్కనే వెలిసింది. అక్కడ నిలబడితే మనిషికే నోరు పిడచగట్టుకుపోతుంది.

"ఏమ్మా, మీ కుళాయి ఎందుకు నీలంగా ఉంది?" నిరంజన్ నిలదీశాడు.

"నీల్లు రాలేదు బావూ. అందుకు."

"ఊరందరికీ వచ్చాయి. మీకెందుకు రాలేదు?"

"ఊరందరికీ ఎలగ రాలేదో నాకూ అలగే రాలేదు."

ఇలాంటి సమాధానాలకి యాప్‌లో గడి లేదు. మంత్రిగారు వచ్చి గున్నపుట్టుగను నూరు శాతం జలగ్రామంగా ప్రకటించబోతున్నారు. ఈ ఒక్క స్ట్రిప్పు పంటికింద రాయిలా తగిలింది. నిరంజన్ అటూ ఇటూ చూసి తన సీసాలో నీళ్ళు దాని మీద చిలకరించాడు. పింకు అయింది. ఫోటో తీశాడు. షెడ్డులో నెట్‌వర్క్ లేదు. ఫోను పైకెత్తి షెడ్డు చుట్టూ, కొబ్బరి చెట్ల కింద తిరిగి, చివరికి నీళ్ళు లేని ట్యాంకు కూడా ఎక్కి వచ్చాడు. ఈలోగా యాప్ ఫోటో మళ్ళీ తియ్యమంది. వచ్చి చూస్తే స్ట్రిప్పు మళ్ళీ నీలం.

"ఇదేంటి, వెనక్కి తిరిగింది!"

"ఇక్కడ పప్పే ఎండిపోతాది బావూ. నీ కాయితమెంత?" అంది నూకరత్నం, ట్రేలో పప్పు తిరగేస్తూ.

పథకంలో ఒక నిబంధన ఉంది. మంత్రిగారికి దయాగుణం ఎక్కువ కాబట్టి పెట్టించారు. ఏ ఇంట్లోనైనా స్ట్రిప్పు నీలంగానే ఉంటే, అది పింకు అయ్యేదాకా ఆ ఇంటికి మంచినీళ్ళ ట్యాంకరు పంపాలి. అలాంటి ఇల్లు ఉండదన్న నమ్మకంతో పెట్టిన నిబంధన గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ విధంగా గున్నపుట్టుగకి ట్యాంకరు వచ్చింది.

*

నిజం ట్యాంకరు. నిజం నీళ్ళు. కింద బొట్లు కారుతుంటే ఊళ్ళో కుక్కలన్నీ దాని వెంటపడ్డాయి. నూకరత్నం తన డ్రమ్ము నింపుకుంది. ట్యాంకరులో ఇంకా బోలెడు నీళ్ళు మిగిలాయి. బిందెలు పట్టుకుని ఊరు ఊరంతా వచ్చింది.

నిరంజన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మీవన్నీ పింకు ఇళ్ళు. మీకు నీళ్ళు వచ్చేశాయి. వచ్చినవాళ్ళే మళ్ళీ తీసుకుంటే దాన్ని అవినీతి అంటారు."

అవినీతి అన్న మాట వినగానే త్రినాథరావు ఛాతీ ఉప్పొంగింది. అవినీతిని అరికడతామని అతను మైకులో ఊరూరా అరిచి గొంతు పోగొట్టుకున్నవాడు. ట్యాంకరుకి కాపలాగా ఎవరిని పెట్టాలా అని నిరంజన్ వెతుక్కునే అవసరమే లేకపోయింది. త్రినాథరావు మెడలో కండువా సర్దుకుని వాల్వు ముందు నిలబడ్డాడు. మిగిలిన నీళ్ళతో ట్యాంకరు వెనక్కి వెళ్ళేదాకా ఎవరూ దగ్గరకి రాకూడదు.

రోజూ అంతే. ట్యాంకరు వచ్చేది, ఒక్క ఇంట ఆగేది, ముప్పాతిక నిండుగా వెనక్కి పోయేది. త్రినాథరావు కాపలా గురించి ఒక పేపరులో కూడా పడింది. "పార్టీ శ్రేణుల్లో ఇంతటి నిజాయితీ" అని రాశారు.

ఒకనాడు జనం వెళ్ళిపోయాక దాలమ్మ వచ్చింది. వాచిన కాళ్ళతో మెల్లగా నడుస్తూ, చిన్న బిందె చంకన పెట్టుకుని.

"మావా, ఒక్క బిందె పట్టు."

త్రినాథరావు చుట్టూ చూశాడు. నిరంజన్ లేడు. ఎవరూ లేరు. కానీ కండువా ఉంది కదా!

"మనది పింకు ఇల్లు దాలమ్మా."

"నాకు తెల్దేటి? నువ్వే అతికించినావు."

"మన పార్టీవోల్లమే తప్పు సేత్తే రేపు మంత్రిగారి మొకం ఎలగ సూత్తాను?"

దాలమ్మ అతని ముఖం వంక చూసింది. తిట్టినా బాగుండేది. బిందె రెండో చంకకి మార్చుకుని, వచ్చినంత మెల్లగానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అతను ఇంటికి వెళ్ళి అన్నానికి కూర్చున్నాడు. దాలమ్మ అన్నం వడ్డించి, బోరు నీళ్ళు లోటాలో పోసుకుని, అతని ఎదురుగానే నిలబడి గటగటా తాగింది. ఒకటి కాదు, రెండు లోటాలు. మూతి కొంగుతో తుడుచుకుంది. త్రినాథరావు చేతిలో ముద్దను కంచంలో వదిలేశాడు. జీవితంలో మొట్టమొదటిసారి అతనికి మంత్రిగారి మీద కోపం రావాలనిపించింది. అలవాటు లేకపోవడంతో తన మీదే వచ్చింది.

లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాడు. మేకపిల్లను తప్పించి, కుళాయి మీది పింకు స్ట్రిప్పును గోటితో మెల్లగా ఊడదీశాడు. తమలపాకులో మడిచి, ఎవరి కంటా పడకుండా పెరటి దారిన నూకరత్నం షెడ్డుకి నడిచాడు.

"ఏటి బావా, ఇలాగొచ్చినావు?"

త్రినాథరావు తమలపాకు విప్పి చూపించాడు. నూకరత్నం దాన్ని చూసింది, అతన్ని చూసింది. మరొకరైతే ఈ అవకాశానికి నాలుగు మాటలు అనేవారు. ఆమె పప్పు ట్రేలో ఒక మూల ఖాళీ చేసి స్ట్రిప్పు అక్కడ పెట్టి, ట్రే బోర్మాలోకి తోసి తలుపు వేసింది.

"మా దాలమ్మప్ప కాల్లెలగున్నాయి?"

"అలగే ఉన్నాయి."

ట్రే బయటికి లాగేసరికి స్ట్రిప్పు నీలంగా, కొత్తగా, మంత్రిగారి సభలో మొదటిసారి చూసినట్టే ఉంది. త్రినాథరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓ బావా, దూరంగా ఏడు!" నూకరత్నం కసిరింది. "మల్లీ పింకైపోద్ది!"

ఇలాంటివి పల్లెలో దాగవు. పెరటి దారి చిన్నది, దాని పక్క చెవులు పెద్దవి. సాయంత్రానికి షెడ్డు ముందు ఊరంతా వరస కట్టింది. కొంగుముళ్ళలో, చుట్టల పెట్టెల్లో, ఒకామె ఏకంగా పుస్తెలతాడుకి గుచ్చి, అందరూ తమ తమ స్ట్రిప్పులు తెచ్చారు. పొట్టు తీసే ఆడవాళ్ళు పప్పు పక్కన పెట్టి స్ట్రిప్పుల పనిలో దిగారు. బాగా నీలం తేరినవి ఒక రకం, ఇంకాస్త వేడి కావలసినవి ఒక రకం, అంచు మాడినవి ఒక రకం. గుండు పప్పునీ బద్దనీ వేరుచేసినంత శ్రద్ధగా ఏరారు.

"బయటికి తీత్తే ఈ గాలికి మల్లీ రంగు మారిపోద్ది గదే," అంది ఒకామె.

"పప్పు మెత్తబడకండా మనం ఏటి సేత్తాం?" నూకరత్నం రేకు డబ్బాలు ముందుకి తోసింది. "అలగే సెయ్యండి. మూత బిగించి పట్టుకెల్లండి. మంత్రి గుమ్మంలో అడుగెట్టినాక తియ్యండి."

*

మంత్రిగారు వచ్చారు. మంగళవాద్యం, పూల తోరణం, టీవీ కెమెరాలు. నూరు శాతం జలగ్రామం శిలాఫలకం మీద ముసుగు కప్పి ఉంచారు. మొదటగా తమ నమ్మకస్తుడైన కార్యకర్త ఇంటి కుళాయిని దర్శిస్తామని మంత్రిగారు సెలవిచ్చారు.

త్రినాథరావు పెరట్లో కెమెరాలు బారులు తీరాయి. రంగు మారిపోకూడదని క్షణం కిందటే డబ్బా మూత తీసి అతికించిన స్ట్రిప్పు కుళాయి మీద ముదురు నీలంగా ఉంది. నిరంజన్ ముఖం దానికంటే నీలంగా మారింది. పక్కింటికి వెళ్ళారు. నీలం. ఆ పక్కింటికి వెళ్ళారు. నీలం. వీధి వీధంతా శ్రీకృష్ణ జయంతి లాగుంది.

"మాకూ ట్యాంకరు గావాల!" ఎవరో అరిచారు.

అరిచినది తనేనని త్రినాథరావుకి కాసేపటికి గానీ తెలియలేదు. మైకులో నినాదాలిచ్చి అలవాటైన గొంతు కాబట్టి బాగా పెద్దగా వచ్చింది. ఊరంతా అందుకుంది. మెడలో కండువా ఉండగానే అతను మంత్రిగారికి ఎదురు నినాదం ఇచ్చాడు. మంత్రిగారి వెనక నిలబడిన దాలమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

సామాన్యులైతే కంగారుపడేవారు. జగదీశ్వరరావు గారు సామాన్యులు కారు. చెయ్యెత్తి జనాన్ని ఆపారు. "అడగండి! అడగకపోతే అమ్మయినా పెట్టదు. మీ నీలం నా గుండెను తాకింది. రేపు పొద్దున్నే ఇంటింటికీ ట్యాంకరు! నిండు ట్యాంకరు! నిండిందని రుజువుతో సహా పంపిస్తా!"

చప్పట్లు మోగాయి. నిరంజన్ ఏదో చెప్పబోయాడు. ఒక్క ట్యాంకరు నింపడానికే తల ప్రాణం తోకకి వస్తోందని అతని ముఖమే చెబుతోంది. మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఏదో అన్నారు. ఇంజనీరు ముఖం మళ్ళీ వెలిగింది. తిరిగి వస్తూ మంత్రిగారు త్రినాథరావు కండువా సరిచేసి, "నువ్వు అడిగావు, నేను ఇచ్చాను. ప్రజాస్వామ్యం అంటే ఇదే" అన్నారు. త్రినాథరావు ఆయన కాళ్ళ మీద పడిపోయాడు. ఇలాంటి దేవుణ్ణా తను అనుమానించింది!

ఆ సాయంత్రం ఇంట్లో బోరు నీళ్ళ కుండ అతనే బోర్లించాడు. దాలమ్మ వద్దన్నా వినలేదు. "రేపట్నించి మనకి దీంతో పనేటి?" అన్నాడు.

పొద్దున్నే ట్యాంకర్లు వచ్చాయి. ఒకటి కాదు, వరసగా, బంతిపూల దండలతో, హారన్లు మోగించుకుంటూ. సముద్రపు గాలి హాయిగా వీస్తోంది. దాలమ్మ బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమింది. నూకరత్నంతో సహా ఊరంతా వీధిలో ఉంది. మొదటి ట్యాంకరు త్రినాథరావు గుమ్మం ముందు ఆగింది. వాల్వు మీద ఒక స్ట్రిప్పు అతికించి ఉంది. అందంగా, నిండుగా, పింకు రంగులో.

"చూశారా, నిండు ట్యాంకరు," అన్నాడు నిరంజన్, ఫోను తీస్తూ.

వాల్వు తిప్పే గౌరవం త్రినాథరావుదే అన్నారు. అతను దండం పెట్టుకుని వాల్వు తిప్పాడు. ట్యాంకరు లోపల్నుంచి గాలి నిట్టూర్చింది. మళ్ళీ తిప్పాడు. చెయ్యి లోపలికి పెట్టి చూశాడు. వేళ్ళకి తుప్పు అంటింది. వెనక ట్యాంకర్ల మీద ఎవరో అరచేత్తో కొడుతుంటే వరసగా డప్పుల్లా మోగుతున్నాయి. త్రినాథరావు భార్య వైపు తిరగడానికి భయపడి స్ట్రిప్పునే చూస్తూ నిలబడ్డాడు.

దాలమ్మే ముందుకి వచ్చింది. వాల్వు మీది స్ట్రిప్పును గోటితో ఊడదీసి తన బిందెకి అతికించింది.

"నిండింది మావా. ఓ సెయ్యెయ్యి. ఒక్కదాన్నీ ఎత్తలేను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఎదురు చూస్తోంది. త్రినాథరావు వంగి రెండు చేతులూ బిందె అడుగున పెట్టి, పళ్ళు బిగించి, మెల్లగా ఎత్తి ఆమె నడుము మీద పెట్టాడు. అతని చేతులు నిజంగానే వణుకుతున్నాయి. చెక్కిళ్ళు తడిశాయి. నిరంజన్ సరిగ్గా ఆ క్షణంలో ఫోటో తీశాడు.

ఆ ఫోటోయే ఇప్పుడు పలాస స్టేషను ముందు, టెక్కలి బస్టాండులో, జాతీయ రహదారి పొడవునా పెద్ద పెద్ద ఫ్లెక్సీల మీద ఉంది. బిందె బరువు చాలా సహజంగా కనిపిస్తోందని మంత్రిగారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట.